ఉంచాలా? అమ్మాలా?

మా కడియంలో ఆడవాళ్ల పొదుపంటే చీటీ, బంగారం, పోస్టాఫీసు పుస్తకం. మొక్కలమ్మిన డబ్బు ఏ కాస్త మిగిలినా ఈ మూడింట్లోకే వెళ్లేది. ఇప్పుడు ఆ వరసలో షేర్లూ చేరాయి. పిల్లలు ఫోనులోనే కొనిపెడుతున్నారు. పెరిగితే ఇంటిల్లిపాదీ చెప్పుకుంటారు. పడితే మాత్రం ఇల్లాలొక్కతే మనసులో లెక్కలు వేసుకుంటుంది.

మా పిన్ని మూడేళ్ల క్రితం ఒక బ్యాటరీ కంపెనీ షేర్లు కొంది. కరెంటు బండ్ల రోజులొచ్చాయి, ఇక బ్యాటరీలదే రాజ్యమని ఎవరో చెప్పారట. ఇప్పుడు వాటి ధర సగానికి దిగింది. మనవరాలి కాలేజీ ఫీజు దగ్గర పడుతోంది. అమ్మెయ్యి పిన్నీ అంటే, "ఏమే, హైదరాబాదు వాళ్ల హెచ్‌బీఎల్ పెరగలేదూ? ఓపిక పట్టినవాళ్లకే దక్కింది" అంటుంది.

నిజమే, పెరిగింది. హైదరాబాద్ బ్యాటరీస్ పేరుతో 1977లో మొదలైన కంపెనీ అది. విమానాలకు, రైళ్లకు, సైన్యానికి, సెల్ టవర్లకు బ్యాటరీలు చేసింది. అయినా ఏళ్ల తరబడి షేరు కదల్లేదు. 2020 మార్చిలో కరోనా భయానికి పదిహేను రూపాయల లోపుకు పడిపోయింది. అదే షేరు 2024లో అయిదు వందలు దాటింది!

అయితే ఎందుకు పెరిగిందన్నది పిన్ని అడగలేదు. ఒక్క బ్యాటరీల వల్లే కాదు. రైళ్లు ఢీకొనకుండా ఆపే 'కవచ్' పరికరాల మీద ఆ కంపెనీ చాలా ఏళ్లుగా పనిచేస్తూ వచ్చింది. 2020లో రైల్వే దాన్ని దేశమంతటికీ ఎంచుకుంది. మొదట్లో అనుమతి దొరికిన మూడు కంపెనీల్లో ఇదొకటి. 2024లో పేరులోని 'పవర్ సిస్టమ్స్' తీసేసి 'ఇంజినీరింగ్' అని పెట్టుకున్నారు కూడా. జవాబు ఆ పేరులోనే ఉంది.

ఒట్టి ఓపికే చాలనుకుంటే సత్యం కంప్యూటర్స్ వాటాదారులకు ఓపిక లేకనా? 2009 జనవరి 7న ఒక్క రోజులో 179 రూపాయల షేరు 40కి దిగింది.

మన నర్సరీల్లో వాడిన అంటుకు ఊరికే నీళ్లు పోస్తూ కూర్చోరు. బెరడు గోటితో గీరి చూస్తారు. లోపల పచ్చగా ఉంటేనే ఆ మొక్కను ఉంచుతారు. పిన్ని కంపెనీ వార్షిక నివేదిక తీసి నేనూ, మా అబ్బాయీ అదే పని చేశాం. అప్పు పెరిగింది. డివిడెండు లేదు. కొత్త ఫ్యాక్టరీ "వచ్చే ఏడాది" అని రెండేళ్లుగా రాస్తున్నారు. అదంతా చదివి వినిపిస్తే పిన్ని చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ఫీజుకు సరిపడా అమ్మింది. మిగతావి ఉంచింది. అవీ అమ్మితే బాగుండేదని నాకుంది గానీ, డబ్బు ఆవిడది.

ఉంచుకునేవాళ్లు మరొకటి కూడా చూసుకోవాలి. వరసగా ఏడేళ్లు డివిడెండు తీసుకోకపోతే ఆ షేర్లు ప్రభుత్వ నిధికి వెళ్లిపోతాయి. దరఖాస్తు పెట్టుకుని వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ, కాగితాల తిప్పట తప్పదు. మీవారి పేరున బీరువాలో పాత షేరు పత్రాలుంటే ఇవాళే తీసి చూడండి. నామినీగా మీ పేరుందో లేదో కూడా అడగండి.