సొమ్మొకడిది, సోకొకడిది – నాగరహొళె పర్యాటకం లాభాలు ఎవరి పాలు?

పులులుంటే టూరిస్టులొస్తారు. టూరిస్టులొస్తే డబ్బొస్తుంది. డబ్బొస్తే అడవీ బతుకుతుంది, అడవి పక్కనున్న కూలివాడూ బతుకుతాడు. పర్యాటకం గురించి ప్రభుత్వాలు మనకు చెప్పే లెక్క ఇదే. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ డబ్బు ఏ దారిన వస్తోంది, ఏ దారిన పోతోంది, మధ్యలో కూలివాడి చేతిలో ఎంత నిలుస్తోంది అన్నది ఎవరూ విప్పి చెప్పరు. దేశంలో పేరుమోసిన పార్కుల్లో ఒకటైన కర్ణాటకలోని నాగరహొళెను తీసుకుని ఈ లెక్క విప్పి చూద్దామని మా ప్రయత్నం.

రాజుల వేట నుంచి రిసార్టుల దాకా

నాగరహొళె అంటే కన్నడంలో పాముల ఏరు. మైసూరు, కొడగు జిల్లాల మధ్య 643 చదరపు కిలోమీటర్ల అడవి ఇది. ఒకప్పుడు మైసూరు రాజుల వేటస్థలం. 1955లో అభయారణ్యం అయింది, 1988లో జాతీయ పార్కు అయింది, ఆ తర్వాత పులుల రిజర్వుగా మారింది.

ఈ అడవికి చూసేవాళ్లు రావడం కొత్త సంగతేమీ కాదు. అడవి అంచున కాకనకోట దగ్గర ‘ఖెడ్డా’ జరిగేది. ఏనుగుల మందను తరిమి, దుంగల కంచెలోకి తోలి పట్టుకోవడమే ఖెడ్డా. మహారాజులు విదేశీ రాజవంశీకులను పిలిపించి, మంచెల మీద కూర్చోబెట్టి ఆ వినోదం చూపించేవారు. ఏనుగు ముందుకు ప్రాణాలకు తెగించి వెళ్లింది మాత్రం జేను కురుబలు, బెట్ట కురుబలు. అడవిలో తేనె తీసి, ఏనుగులను మాలిమి చేసి బతికిన జనం వాళ్లు. చివరి ఖెడ్డా 1971లో జరిగింది. అప్పుడూ చూసేవాడు వేరు, చెమటోడ్చేవాడు వేరు.

1974లో కబిని నది మీద డ్యాం వచ్చింది. ఎండాకాలంలో జలాశయం నీరు తగ్గి, ఒడ్డున పచ్చగడ్డి మొలిస్తే ఏనుగుల మందలు వందల సంఖ్యలో అక్కడికి దిగుతాయి. ఆ దృశ్యమే పెట్టుబడి అయింది. 1980లో కర్ణాటక ప్రభుత్వం జంగిల్ లాడ్జెస్ సంస్థను పెట్టి కబిని ఒడ్డున బస ఏర్పాటు చేసింది. దాని వెనకే ప్రయివేటు రిసార్టులు బారులు తీరాయి. ఈనాడు అక్కడ కొన్నిచోట్ల ఒక్క రాత్రి బసకు పదుల వేల రూపాయలు తీసుకుంటారు. ఆ గదులు ఊడ్చే మనిషి నెలంతా పని చేసినా ఆ గదిలో ఒక్క రాత్రి పడుకోలేదు.

లాభం అసలే లేదనలేం

న్యాయంగా మాట్లాడాలి. పర్యాటకం వల్ల మేలు బొత్తిగా లేదని మేము అనం. జీపు డ్రైవర్లు, దారి చూపేవాళ్లు, వంటవాళ్లు, తోటపని వాళ్లు, గదులు శుభ్రం చేసే ఆడవాళ్లు – వీళ్లందరికీ పని దొరికింది. రోడ్డు పక్క టీ కొట్టు, కూరగాయల బండి పెట్టుకున్నవాళ్లకూ నాలుగు డబ్బులొస్తున్నాయి. జనం కళ్లు ఉన్నచోట వేటగాడికి కొంత జంకు ఉంటుంది. అన్నిటికీ మించి, ఆ అడవి నిలిస్తేనే కబినికి నీళ్లు, కబిని నిండితేనే కావేరికి నీళ్లు. పులి బతకడం రైతుకు శత్రువు కాదు.

అయితే ఆ పనుల్లో పై మెట్టు ఎవరిది, కింది మెట్టు ఎవరిది? యజమానులు, మేనేజర్లు బయటి నగరాలవాళ్లు. జాడ చూసి ఏ జంతువు ఎటు పోయిందో చెప్పగలిగిన కురుబ బిడ్డ మహా అయితే దినకూలి వాచరు. పులి కనిపిస్తే ఫొటో టూరిస్టుది, ఆదాయం రిసార్టుది, పేరు శాఖది. జాడ పట్టినవాడికి మిగిలేది ఆ రోజు కూలి.

గెంటబడ్డవాళ్ల గోడు

ఇక రెండో వైపు చూడాలి. ‘మనుషులు లేని అడవి’ని టూరిస్టుకు చూపించాలంటే ముందు అందులోని మనుషులను ఖాళీ చేయించాలి. నాగరహొళెలో జరిగింది అదే. డెబ్బైలు, ఎనభైల్లో జేను కురుబ, బెట్ట కురుబ, ఎరవ కుటుంబాలను హాడీల నుంచి – అంటే గూడేల నుంచి – బయటికి నెట్టారు. చాలామందికి పట్టా లేదు, పరిహారం లేదు. హైకోర్టు ఆదేశంతో ఏర్పడిన ప్రొఫెసర్ ముజఫర్ అస్సాదీ కమిటీ 2014లో ఇచ్చిన నివేదికలో ఇలా చెదిరిపోయిన గిరిజన కుటుంబాలు 3,418 అని తేల్చింది.

వీళ్లు ఎక్కడికి పోయారు? కొడగు కాఫీ తోటలకు పోయారు. ఎస్టేటు యజమాని ఇచ్చిన లైను ఇళ్లలో తలదాచుకుని, ముందుగా తీసుకున్న అప్పు తీరక, తరాలు గడిచినా అక్కడే కూలి చేస్తున్నారు. అడవి బిడ్డ తోట కూలీగా మారాడు. వ్యవసాయ కార్మికులకు ఈ కథ కొత్తగా చెప్పనక్కర్లేదు. భూమి పోయినవాడు ఎక్కడైనా చివరికి చేరేది కూలీల అడ్డాకే.

హోటలుకు ఒక న్యాయం, హాడీకి ఒక న్యాయమా?

అడవిలో కట్టెపుల్ల ఏరుకుంటే కేసు పెట్టిన అదే ప్రభుత్వం 1994లో పార్కు నడిబొడ్డున ఉన్న భవనాలను తాజ్ గ్రూపు హోటల్ కంపెనీకి లీజుకు ఇచ్చింది. గుడిసె వేస్తే అడవి పాడవుతుందట, హోటలు వెలిస్తే పాడవదట! గిరిజనులు ఊరుకోలేదు. నాగరహొళె బుడకట్టు జనర హక్కుస్థాపన సమితి పేరున జట్టు కట్టారు, ఆందోళన చేశారు, కోర్టుకెక్కారు. 1997 జనవరిలో కర్ణాటక హైకోర్టు ఆ లీజు అటవీ సంరక్షణ చట్టానికి, వన్యప్రాణి చట్టానికి విరుద్ధమని చెప్పింది. హోటలు తెరుచుకోలేదు. చదువురాని హాడీ జనం ఒక బడా కంపెనీని ఆపగలిగారు. కోర్టు తీర్పు వెనుక అడవి దారుల్లో బైఠాయించిన ఆడా మగా ఉన్నారన్నది మరువరాదు.

ఆ పోరాటం అక్కడితో ఆగలేదు. ప్రపంచ బ్యాంకు డబ్బుతో ‘పర్యావరణ అభివృద్ధి’ పథకం వచ్చినప్పుడు, మమ్మల్ని అడగకుండా మా బతుకుల మీద పథకమేమిటని 1998లో బ్యాంకు తనిఖీ మండలి దాకా ఫిర్యాదు వెళ్లింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. గ్రామసభ ఒప్పుకోకుండా ఎవరినీ కదిలించరాదని, ముందు హక్కులు తేల్చాలని చట్టం చెబుతోంది. చట్టం కాగితం మీద ఉంది, పట్టా మాత్రం చేతికి రాలేదు. చివరికి 2025 మే నెలలో 52 జేను కురుబ కుటుంబాలు తమ పెద్దల చోటైన కరడికల్లు అత్తూరు కొల్లికి తిరిగి నడిచి వెళ్లి గుడిసెలు వేసుకున్నాయి. అటవీ శాఖ ఒప్పుకోలేదు. టూరిస్టు జీపుకు తెరుచుకునే గేటు, ఆ అడవిలోనే తాతముత్తాతల సమాధులున్నవాడికి మూసుకుంటోంది.

పులికీ జీపుకూ మధ్య రైతు

అడవి అంచు రైతు సంగతి మరీ దయనీయం. హెగ్గడదేవనకోట, హుణసూరు వైపు రాగి, పత్తి, పొగాకు వేస్తారు. ఏనుగు ఒక్క రాత్రి దిగితే ఆరుగాలం కష్టం నేలపాలు. పరిహారమంటూ వచ్చినా అది భూమి కాగితం ఉన్నవాడికే. పంట పోతే కోత కూలి కూడా పోతుంది కదా, ఆ కూలి ఎవరిస్తారు? ఏ ఫారంలోనూ కూలివాడికి గడి లేదు.

2025 అక్టోబరు, నవంబరు నెలల్లో ఆ ప్రాంతంలో వారాల తేడాతో పులి దాడుల్లో ముగ్గురు చనిపోయారు. రైతులు రోడ్డెక్కారు. సఫారీ జీపుల రొద వల్లే పులులు బయటికి వస్తున్నాయని, సిబ్బందంతా టూరిస్టుల సేవలో ఉంటే ఊళ్లకు కాపలా ఎవరని నిలదీశారు. 2025 నవంబరు 7న ప్రభుత్వం నాగరహొళె, బందీపూర్లలో సఫారీలు నిలిపివేసి, సిబ్బందిని పులుల గాలింపునకు పంపమని ఆదేశించింది. జీపుల వల్లే పులి ఊరి మీద పడుతోందా అన్నది శాస్త్రజ్ఞులు తేల్చవలసిన సంగతి. కానీ రైతు అడిగిన రెండో ప్రశ్నకు శాస్త్రం అక్కర్లేదు. ఉన్న మనుషులు, వాహనాలు ముందు ఎవరికోసం?

ఇంకో సంగతీ బయటపడింది. సఫారీ ఆగితే యజమాని రాబడి తగ్గుతుంది, జీపు డ్రైవరుకూ గదులు ఊడ్చే మనిషికీ పొయ్యిలో పిల్లే లేస్తుంది. అందుకే టూరిజం కూలీనీ పొలం కూలీనీ ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పడం తేలిక. ఇద్దరి ఇళ్లూ ఒకే ఊళ్లో ఉన్నాయి. ఆ వలలో పడకూడదు.

వేరే దారి లేకపోలేదు

కేరళలోని పెరియార్‌ను చూడండి. అక్కడ ఒకప్పుడు అడవిలో దొంగచాటుగా చెట్టు బెరడు ఒలుచుకుని అమ్మినవాళ్లే కమిటీగా ఏర్పడి ఈరోజు టూరిస్టులను అడవిలో నడిపిస్తున్నారు, కాపలా కాస్తున్నారు. మన్నాన్, పళియన్ గిరిజనులకూ ఆ పనుల్లో భాగం ఉంది. అదీ ప్రపంచ బ్యాంకు పథకం కిందికి వచ్చిన పార్కే. అక్కడ స్థానికులను కాపలాదార్లుగా లోపలికి పిలిచారు, ఇక్కడ దొంగలని బయటికి నెట్టారు. కర్ణాటకలోనే బిళిగిరి రంగన కొండల్లో సోలిగలకు 2011లో సామూహిక అటవీ హక్కులు వచ్చాయి. మనుషులుంటే పులులు పోతాయన్నారు. అక్కడ 2010లో 35 ఉన్న పులులు 2014 నాటికి 68 అయ్యాయని లెక్క వచ్చింది. రువాండాలో గొరిల్లాలను చూపించి సంపాదించిన పర్యాటక ఆదాయంలో చుట్టుపక్కల ఊళ్లకు 2005 నుంచి 5 శాతం, 2017 నుంచి 10 శాతం కేటాయిస్తున్నారు. అది చాలదు. అయినా వాటా అనేది ఒకటి ఉండాలన్న సూత్రం అయితే ఉంది.

మనం అడగవలసింది

మన నల్లమలలోనూ చెంచులున్నారు, పులుల రిజర్వులున్నాయి, సఫారీ జీపులున్నాయి. నాగరహొళె పాఠం మనకూ పనికొస్తుంది. మేము కోరేది ఇది:

1. అటవీ హక్కుల చట్టం కింద పట్టాలు ఇచ్చిన తర్వాతే పర్యాటకం మాట. గ్రామసభ అనుమతి లేనిదే కొత్త రిసార్టు రాకూడదు.

2. గేటు ఆదాయంలోనే కాక, రిసార్టుల రాబడిలోనూ గ్రామసభకు చట్టబద్ధమైన వాటా ఉండాలి. ఆ లెక్క ఊరి గోడ మీద రాయాలి.

3. రిసార్టు కార్మికులకు, అటవీ వాచర్లకు కనీస వేతనం, బీమా, ఏడాది పొడవునా పని కావాలి. పార్కు మూసిన రోజులకూ కూలి ఇవ్వాలి.

4. అడవి జంతువుల వల్ల పంట పోతే కౌలుదారుకూ కూలీకీ పరిహారం దక్కాలి.

పులిని చూడ్డానికి ఎవరైనా రావచ్చు. వద్దని మేము అనం. ఆ పులిని తరాలుగా కాపాడుకొచ్చినవాడు లైను ఇంట్లో మగ్గుతుంటే దానికి అభివృద్ధి అని పేరు పెట్టొద్దని మాత్రమే అంటున్నాం. తాజ్ హోటలును ఆపింది హాడీ జనం ఐక్యత. వాటా రాబట్టుకునేదీ ఆ ఐక్యతే.