పక్కవాడి ఫైలు మీకెందుకు కనబడాలి?

నిజామాబాద్‌లో ఒక కాలేజీ ల్యాబ్ అనుకుందాం. ఒకే లినక్స్ సర్వర్, 60 మంది విద్యార్థులు, తలా ఒక లాగిన్. ఒకరి రికార్డు ప్రోగ్రామ్‌ను ఇంకొకరు కాపీ కొట్టడం ఎంత తేలిక? హోమ్ ఫోల్డర్ అనుమతి 755, లోపలి ఫైళ్లకు 644 ఉంటే చాలా తేలిక.

ఆ మూడంకెలు వరుసగా యజమానికి, గ్రూపుకు, మిగతావాళ్లకు. చదవడానికి 4, రాయడానికి 2, ఫోల్డర్‌లోకి వెళ్లడానికి 1. చివరి 5 అంటే 4+1: బయటివాడు పేర్లూ చూస్తాడు, లోపలికీ వస్తాడు. 711 పెడితే పేర్ల జాబితా మూసుకుంటుంది, కానీ పేరు తెలిసినవాడు నేరుగా వెళ్లగలడు. ఆ పేరు ఊహించడమూ కష్టం కాదు: చెరకుకు పేరున్న బోధన్ నుంచి వచ్చే పిల్లవాడు తన ప్రాజెక్టుకు 'చెరకు' అని కాక ఇంకేం పేరు పెడతాడు?

ఉబుంటు 2021లో, 21.04తో, కొత్త హోమ్ ఫోల్డర్లకు 750 ఇవ్వడం మొదలుపెట్టింది. అక్కడ ప్రతి యూజర్‌కూ సొంత గ్రూపు ఉంటుంది కాబట్టి అది సరిపోతుంది. అడ్మిన్ 60 మందినీ సొంత గ్రూపులకు బదులు 'స్టూడెంట్స్' అనే ఒకే ప్రధాన గ్రూపులో పడేశాడా, నడిమి 5 తరగతి మొత్తానికి తలుపు తీస్తుంది. అలాంటి చోట 700 పెట్టాల్సిందే. కొత్త ఫైళ్ల సంగతి, పుట్టేటప్పుడే కొన్ని అనుమతులు తీసేసే యూమాస్క్ చూసుకుంటుంది: 022 అయితే ఫైలు 644గా పుడుతుంది, 077 అయితే 600గా.

ఫైళ్లు మూసినా ప్రాసెస్‌లు మిగిలాయి. 'పీఎస్ -ఈఎఫ్' కొడితే ఎవరు ఏ కమాండ్ నడుపుతున్నారో వరుస మొత్తం కనబడుతుంది; అందులోనే పాస్‌వర్డ్ రాసేవాళ్లూ ఉంటారు. దీనికి మందు 2012లో లినక్స్ 3.3తో వచ్చిన హైడ్‌పిడ్ అనే మౌంట్ ఆప్షన్. మామూలుగా దాని విలువ 0. 2 పెట్టి, ప్రాసెస్‌ల వివరాలుండే ప్రోక్‌ను మౌంట్ చేస్తే, సర్వాధికారాలున్న రూట్‌కూ మినహాయింపు ఇచ్చిన గ్రూపుకూ తప్ప ఎవరికీ ఇతరుల ప్రాసెస్‌లు కనబడవు. సిస్టమ్‌డీ ఉన్న యంత్రాల్లో కొన్ని సేవలు తడబడవచ్చు, ముందు పరీక్షించి పెట్టండి.

ఈటీసీలోని పాస్‌వర్డ్ ఫైలును మాత్రం దాచొద్దు. యూజర్ నంబర్లకు పేర్లు అందులోనే దొరుకుతాయి. రహస్య హ్యాష్‌లు ఉండేది షాడో ఫైలులో.

రూట్ చేతిలో ఉన్నవాళ్లను ఈ అంకెలేవీ ఆపవు. మిగతావాళ్ల సంగతి మీ చేతిలో ఉంది: ఇవాళే 'ఎల్ఎస్ -ఎల్‌డీ ~' కొట్టి మీ హోమ్ ఫోల్డర్ చూసుకోండి. 700 పెట్టాల్సిన చోట అనుమతుల్లో చివరి ఆరు గుర్తులూ గీతలే కావాలి; సొంత గ్రూపు ఉన్నచోట చివరి మూడు చాలు.