ట్రంక్ కాల్ నుంచి గిటారు దాకా

ట్రంక్ కాల్ బుక్ చేసి గంటలకొద్దీ కాచుకున్న తరానికి టెలిఫోన్ ఆపరేటరు గుర్తుండే ఉంటుంది. తీగ చివరి పిన్ను ఎదుటి బోర్డు రంధ్రంలో గుచ్చితేనే ఆ ఊరూ ఈ ఊరూ కలిసేవి. ఇవాళ తార్నాకలో అద్దెగది తీసుకుని, ఉస్మానియా క్యాంపస్‌లో గిటారు వాయించే కుర్రాడు ఆంప్లిఫయరులో గుచ్చే లావుపాటి పిన్ను ఆ వంశానిదే.

1878లో అమెరికాలోని న్యూహేవెన్‌లో తొలి వాణిజ్య టెలిఫోన్ ఎక్స్ఛేంజీ మొదలైంది. ఆ రోజుల్లోనే చార్లెస్ స్క్రిబ్నర్ స్విచ్‌బోర్డు కోసం జాక్‌కు రూపం ఇచ్చాడు. తర్వాత స్థిరపడిన పిన్ను మందం పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. పొద్దస్తమానం గుచ్చి పీకినా తట్టుకోవాలన్నదే దాని లక్ష్యం. ఎక్స్ఛేంజీలు ఆటోమేటిక్ అయ్యాక ఆపరేటర్లు పోయారు, జాక్ మాత్రం సంగీతంలోకి వలస వచ్చింది. కోఠీ గుజరాతీ గల్లీలో పీ-38 అని అడిగితే ఈ జాక్‌నే చేతిలో పెడతారు.

1929 నుంచి ఇంజనీరింగ్ చెబుతున్న ఉస్మానియాలో పిల్లలకు గిటారు శబ్దాన్ని మార్చే పెడల్ సర్క్యూట్ కట్టడం పెద్ద పని కాదు. చిక్కంతా పిన్ను దగ్గరే. ట్రాన్సిస్టర్లను ఏరికోరి కొని, జాక్ మాత్రం అన్నిటికంటే చవకది తెస్తారు. స్ప్రింగు వదులైతే ఎంత మంచి సర్క్యూటైనా గరగరమంటుంది.

ఈ జాక్‌లో నాకు బాగా నచ్చే తెలివి ఒకటుంది. పెడల్ ఇన్‌పుట్‌కు స్టీరియో సాకెట్ పెట్టి, 9 వోల్టుల బ్యాటరీ నెగటివ్ తీగను మధ్యలోని రింగ్ కాంటాక్టుకు సోల్డర్ చేస్తారు. గిటారు నుంచి వచ్చేది మోనో పిన్ను. దాని పొడవాటి స్లీవు రింగునీ గ్రౌండునీ ఒకేసారి తాకుతుంది, పెడల్ ఆన్ అవుతుంది. పిన్ను పీకితే ఆఫ్. వేరే స్విచ్చే అక్కర్లేదు. పిన్ను అలాగే వదిలేస్తే బ్యాటరీ దిగిపోయేది కూడా ఇందుకే.

మైకుకు మాత్రం మోనో జాక్ చాలదు. తీగ పొడవయ్యేకొద్దీ ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ గుర్రు అందులో చేరుతుంది. మైకుసెట్ల వాళ్లు కానన్ అని పిలిచే ఎక్స్‌ఎల్‌ఆర్‌లో మూడు పిన్నులు: ఒకటి గ్రౌండు, మిగతా రెంటిలో ఒకే శబ్దం ఒకదానికొకటి తలకిందులుగా నడుస్తుంది. గుర్రు రెండు తీగల్లోనూ ఒకేలా చేరుతుంది కాబట్టి, అవతల ఒకదాన్నుంచి ఇంకోదాన్ని తీసేస్తే అది పోయి పాట మిగులుతుంది. జేమ్స్ కానన్ 1915లో లాస్ ఏంజిలిస్‌లో పెట్టిన కంపెనీ చలవ ఇది.

ఇక ఆర్‌సీఏ పిన్ను టేప్ డెక్కు వెనక కదలకుండా ఉండేందుకు బాగుంటుంది, అంతే. గుచ్చేటప్పుడు గ్రౌండుకంటే ముందే మధ్య పిన్ను తగిలి బుర్రుమంటుంది. 1979 నాటి వాక్‌మన్‌తో జేబుల్లోకి చేరిన 3.5 మిల్లీమీటర్ల ఈపీ పిన్ను వేదిక మీద కాలు తగిలితే బోర్డుతో సహా ఊడొస్తుంది.

కాబట్టి గిటారుకూ పెడల్‌కూ పీ-38, మైకుకు కానన్. స్పీకరు లైనుకు జాక్ వద్దు: పీకేటప్పుడు క్షణంపాటు షార్టయి ఆంప్లిఫయరు కాలిపోవచ్చు. ఇంకొక్క మాట: సాకెట్లు కొని, వాటి మరల కొలత చూశాకే పెడల్ పెట్టెకు డ్రిల్ పెట్టండి.