సంఘ పుస్తకంలో చింపని పేజీలు

సంఘ వార్షికోత్సవం దగ్గర పడితే చరిత్ర రాయడం మొదలుపెడతాం. పునాదిరాయి ఎవరు వేశారు, మందిరాన్ని ఎప్పుడు ప్రతిష్ఠించారు, ఎందరు బాప్తిస్మం పొందారు... అన్నీ రాస్తాం. మరి మన సంఘం ఎవరిని గాయపరిచిందో ఆ పేజీ మాటేమిటి?

అమెరికాలోని మసాచుసెట్స్‌లో డాన్వర్స్ అనే ఊరుంది. దాని పాతపేరు సేలం విలేజ్. 1672లో అక్కడి రైతులకు సొంత మందిరం కట్టుకోవడానికి అనుమతి దొరికింది. 1689 నవంబరు 19న వారు దేవునితోనూ, ఒకరితో ఒకరూ నిబంధన చేసుకొని కాంగ్రిగేషనల్ సంఘంగా ఏర్పడ్డారు. వారిపైన బిషప్పు లేడు, సంఘం ఓటే తీర్మానం. కాపరి శామ్యూల్ ప్యారిస్ వాటిని సంఘ పుస్తకంలో రాసేవాడు.

మూడేళ్లు నిండకముందే, 1692లో, మంత్రగత్తెలున్నారన్న భయం ఆ ప్రాంతాన్ని కమ్మేసింది. 19 మందిని ఉరితీశారు. సంఘసభ్యురాలైన మార్తా కోరీని వెలివేస్తూ సెప్టెంబరు 11న సంఘం తీర్మానించింది. 14న కాపరే చెరసాలకెళ్లి ఆమెకు ఆ మాట వినిపించాడు. 22న ఆమెను ఉరితీశారు. నేను నిర్దోషినని ఆమె మొరపెట్టుకున్నా విన్నవారు లేరు.

అయితే ఆ పుస్తకం అక్కడితో ముగియలేదు. 1694లో ప్యారిస్ తన పొరపాట్లను సంఘం ముందు ఒప్పుకున్నాడు. అయినా గాయాలు మానలేదు, 1696లో ఆయన పరిచర్య అక్కడ ముగిసింది. తర్వాత వచ్చిన యువ కాపరి జోసెఫ్ గ్రీన్ సమాధానం కోసం ప్రయాసపడ్డాడు. ఉరికి బలైన రెబెకా నర్స్ కుమారుడు 1699లో మళ్లీ ప్రభువు బల్లలో పాలుపొందాడు. 1703లో, కొందరు ఒప్పుకోకపోయినా, మార్తా కోరీ వెలివేతను సంఘం రద్దు చేసింది. చనిపోయిన స్త్రీ ఎదుట ఒక సంఘం తలవంచింది!

1706 ఆగస్టు 25న ఆన్ పుట్నం అనే యువతి ఆరాధనలో లేచి నిలబడింది. పన్నెండేళ్ల వయసులో అనేకులపై నింద మోపిన అమ్మాయి ఆమె. తాను మోసపోయి నిరపరాధుల ప్రాణాలు పోవడానికి కారణమయ్యానన్న ఆమె ఒప్పుకోలును కాపరి అందరూ వినేలా చదివాడు. కింద ఆమె సంతకం చేసింది. సంఘం ఆమెను బల్లకు చేర్చుకుంది.

పరువు కోసం ఆ పేజీలను చింపేయడం వారికి ఎంత తేలిక! దావీదు పాపాన్ని, పేతురు బొంకును బైబిలూ దాచలేదు. అతిక్రమాలను దాచిపెట్టేవాడు వర్ధిల్లడని, ఒప్పుకొని విడిచిపెట్టేవాడే కనికరం పొందుతాడని సామెతల గ్రంథం 28:13 బోధిస్తోంది. అది విశ్వాసికే కాదు, సంఘానికీ వర్తిస్తుంది.

మనం రిజిస్టరులోంచి పేరు కొట్టేసిన వారెవరైనా ఊళ్లో ఉన్నారా? ఈ ఆదివారం బల్ల దగ్గరికి వెళ్లేముందు వారి గుమ్మం తొక్కుదాం. క్షమాపణ అడగడం వల్ల ఏ సంఘమూ చిన్నదైపోదు.