కోపం చూస్తే నవ్వెందుకు వస్తుంది?

చాలా ఏళ్ళ క్రితం వనపర్తి దగ్గర ఒక బడిలో పాఠం చెబుతూ, ప్రయోగం చేసేటప్పుడు బీకరు పగలగొట్టాడని ఒక కుర్రవాణ్ణి గట్టిగా కోప్పడ్డాను. వాడు తల వంచుకుని నిలబడ్డాడు. ఉన్నట్టుండి కిసుక్కున నవ్వాడు. నా కోపం రెట్టింపయింది. "నన్ను చూసి నవ్వుతావురా?" అని పీరియడంతా బయట నిలబెట్టాను. "నేను నవ్వలేదు సార్, అదే వచ్చింది" అన్నాడు వాడు. నాకది సాకులాగే వినిపించింది. అందులో ఎంత నిజముందో తెలియడానికి చాలాకాలం పట్టింది.

ముందు సినిమా సంగతి చూద్దాం. మా చిన్నతనంలో గద్వాల, నాగర్‌కర్నూలు వైపు పల్లెలకు టూరింగ్ టాకీసులు వచ్చేవి. 1957లో విడుదలైన 'మాయాబజార్' నేను అలాంటి డేరాలోనే, నేల టిక్కెట్టు మీద చూశాను. అది నవ్వుల సినిమా అంటాం గాని, కథలో కష్టాలు తక్కువేమీ కావు. పాండవులు జూదంలో రాజ్యం పోగొట్టుకుంటారు. అభిమన్యుడికి ఇస్తామన్న పిల్లను ఇవ్వమంటారు. సుభద్ర కొడుకును వెంటబెట్టుకుని అడవిదారి పడుతుంది. ఇదంతా చూసి బరువెక్కిన మనసుల ముందుకు ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో వస్తాడు. అంటే సావిత్రి! లోపల రాక్షసుడి కోపం, పైకి పెళ్ళికూతురి ఒళ్ళు. పెళ్ళిపీటల మీద లక్ష్మణకుమారుడి (రేలంగి) పాదాన్ని ఆ 'పెళ్ళికూతురు' తొక్కేసరికి డేరా అంతా గొల్లుమంది.

ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడుగా గర్జిస్తే చిన్నపిల్లలు జడుసుకునేవారు. అదే కోపం శశిరేఖ ఒంట్లోకి రాగానే నవ్వయింది. ఎందుకని? కోపానికీ, దాన్ని మోసే మనిషికీ పొంతన కుదరలేదు, అది ఒకటి. ఆ కోపం మనకు తగలదు, అది రెండు. ఒక విషయం తప్పుగానూ ఉండాలి, అదే సమయంలో ప్రమాదం లేనిదిగానూ తోచాలి, అప్పుడే నవ్వు పుడుతుందని మెక్‌గ్రా, వారెన్ అనే శాస్త్రజ్ఞులు 2010లో చెప్పారు. 'గుండమ్మ కథ' (1962)లో సూర్యకాంతం తిట్లకు మనం నవ్వుతాం. ఆ తిట్లే ఇంట్లో పెద్దమ్మ మనల్ని తిడితే నవ్వగలమా?

అయితే ఇంకో చిక్కుంది. చిన్న హాస్యమే అయినా, బరువైన సన్నివేశం తరువాత వస్తే ఎందుకంత పెద్ద నవ్వు తెప్పిస్తుంది? దీనికి జవాబు మన మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అధివృక్క గ్రంథుల దగ్గర దొరుకుతుంది. భయం గాని కోపం గాని కలిగితే అవి అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం హెచ్చుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. దీన్ని వాల్టర్ కానన్ 1915లో తన పుస్తకంలో వివరించాడు. తెర మీద సన్నివేశం రెప్పపాటులో మారిపోతుంది. గుండె అంత త్వరగా మారదు! ఆ మిగిలిన ఉద్వేగమే తరువాత వచ్చే నవ్వుకు తోడవుతుంది. 1974లో కాంటర్, బ్రయంట్, జిల్‌మన్ దీన్ని పరీక్షించారు. కొందరికి ముందుగా ఏదో ఒకటి చదవనిచ్చి, తరువాత జోకులు, కార్టూన్లు ఇచ్చారు. ఎక్కువ ఉద్వేగం కలిగించేది చదివినవారికి అవి ఎక్కువ నవ్వు తెప్పించాయి. చదివింది సంతోషకరమైనదా, కాదా అన్నదానితో పని లేకపోయింది.

మన తోలుబొమ్మలాటవాళ్ళకు ఈ కిటుకు ఎప్పటినుంచో తెలుసు. రామాయణం ఆడుతూ ఆడుతూ మధ్యలో కేతిగాణ్ణి, బంగారక్కను తెచ్చి కొట్లాట పెడతారు.

ఇక మా కుర్రవాడి నవ్వు. అది హాస్యానికి వచ్చిన నవ్వే కాదు. అమెరికాలో స్టాన్లీ మిల్‌గ్రామ్ 1963లో ప్రచురించిన ప్రయోగంలో 40 మంది పాల్గొన్నారు. అవతలి మనిషికి విద్యుత్ షాకులు ఇవ్వమని వారిని ఆజ్ఞాపించారు (నిజానికి షాకులేమీ తగల్లేదు). వారు చెమటలు కక్కారు, వణికారు. వారిలో 14 మంది నవ్వారు కూడా! తమకది సరదాగా ఉండి నవ్వలేదని తరువాత చెప్పుకున్నారు. బిగుసుకున్న శరీరం నుంచి నవ్వు దానంతటదే బయటపడుతుందన్నమాట. నా ముందు నిలబడ్డ కుర్రవాడి గుండె ఆనాడు నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో!

మీరూ ఒక ప్రయోగం చేయండి. ఇంట్లో బరువైన సినిమా చూసేటప్పుడు మణికట్టు దగ్గర నాడిని 15 సెకన్లు లెక్కపెట్టి 4తో హెచ్చించండి. ఉద్రిక్తమైన ఘట్టంలో ఒకసారి, వెంటనే వచ్చే హాస్యంలో ఒకసారి చూసి రాసుకోండి. తరువాత కోపం సన్నివేశాన్నే టీవీ శబ్దం పూర్తిగా తగ్గించి మళ్ళీ చూడండి. మీ సార్ కోప్పడుతున్నప్పుడు మాత్రం నాడి పట్టుకుని లెక్కపెట్టబోకండి!