ఒక చుక్క తప్పితే

పత్తి తీతల రోజుల్లో గుంటూరు నుంచి ఒంగోలు వేపు వెళితే, జిన్నింగు మిల్లుల ముందు పత్తి వేసుకొచ్చిన ట్రాక్టర్లు బారులు తీరి వుండటం కనబడుతుంది. మిల్లులో తోలు తొడిగిన రెండు రోలర్లు తిరుగుతూ దూదిని లోపలికి లాగుతాయి. వాటి మధ్య ఆడే కత్తి గింజలను కొట్టి వేరుచేస్తుంది. ఈ కత్తిని ఆడించే చోట ఒక దిమ్మె పగిలిందనుకోండి. జిన్ను ఆగిపోతుంది. దానితోపాటు ట్రాక్టర్లూ ఆగిపోతాయి. ఈలోగా వాన వచ్చి పత్తి తడిస్తే రంగు చెడుతుంది, ధర పడిపోతుంది. అంచేత ఆ దిమ్మె సాయంత్రానికల్లా తయారుకావాలి.

ఒకప్పుడు ఇలాటి పనికి ఫిట్టరు ఆకురాయి పట్టుకుని గంటల తరబడి అరగదీసేవాడు. ఇప్పుడు దీన్ని సి.ఎన్.సి. మిల్లింగు మిషను మీద చేయవచ్చు. లేతు మిషను మీద వస్తువు తిరుగుతుంది, దాన్ని కోసే పనిముట్టు తిరగదు. మిల్లింగులో ఇది తలకిందులు. ఉక్కు ముక్కను బల్లమీద వైసులో బిగిస్తారు, పళ్ళున్న కట్టరు గిర్రున తిరుగుతూ దాన్ని కోస్తుంది. సి.ఎన్.సి. అంటే కంప్యూటరు అంకెలను చదివి మిషనును నడిపించే పద్ధతి. కుడియెడమలకు ఎక్స్ అనీ, ముందువెనకలకు వై అనీ, పైకీ కిందికీ జెడ్ అనీ పేర్లు. మీరు బళ్ళో గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి గీతతో కలుపుతారు గదా? అదే పని ఇక్కడ పెన్సిలుకు బదులు కట్టరు చేస్తుంది. ఏ చుక్క నుంచి ఏ చుక్కకు ఎంత వేగంతో వెళ్ళాలో వరసగా రాసిన కాగితమే ప్రోగ్రాం.

ఈ ఊహ నేతపనివారికి కొత్తది కాదు. ఫ్రాన్సులో జకార్డు అనే ఆయన 1804లో బెజ్జాలు పొడిచిన అట్టలతో మగ్గాన్ని నడిపించాడు. బెజ్జం వున్నచోట ఒక పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. పువ్వు దానంతట అదే పడుతుంది. ఆయన పేరుతోనే జకార్డు మగ్గాలు ఈనాటికీ మనదేశంలో పనిచేస్తున్నాయి. అమెరికాలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టరు రెక్కల ఆకారాన్ని అంకెల్లో రాయించి, ఆ అంకెలతోనే మిల్లింగు మిషనును నడపాలనుకున్నాడు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయం వారు 1952లో అలాటి మిషనును నడిపి చూపించారు. అది కూడా బెజ్జాల కాగితపు పట్టీనే చదివేది. మనకు దగ్గరలో, హైదరాబాదు బాలానగరులో 1968లో స్థాపించిన కేంద్ర పనిముట్ల రూపకల్పన సంస్థలో ఈ విద్య నేర్పుతారు.

ఐతే ఈ మిషనుకు చెప్పినమాట వినటమే గాని, చెప్పినవాడి మనసు తెలుసుకోవటం చేతకాదు. కొన్ని మిషన్లలో ఎక్స్ 100 అని రాసి చివర చుక్క పెడితే 100 మిల్లీమీటర్లు పోతుంది. చుక్క మరిచిపోతే ఆ 100ని మిల్లీమీటరులో వెయ్యోవంతులుగా లెక్కపెట్టి, మిల్లీమీటరులో పదోవంతు కదిలి ఆగిపోతుంది. అందుకే తెలిసినవాడు ప్రోగ్రాం రాయగానే ఉక్కు జోలికి పోడు. కట్టరును ముక్కకు 50 మిల్లీమీటర్లు పైన వుంచి, గాలిలోనే కోయించి చూస్తాడు. ఒక్కొక్క వరుసే నడిపిస్తూ, ఆపే మీట మీద చెయ్యి తియ్యడు.

ఇక లెక్కంతా ఎక్కడినుంచి మొదలవుతుందో మిషనుకు చూపించాలి. ఆ చోటును సున్నా అంటారు. పైభాగం సున్నా కనుక్కోవటానికి ఒక తమాషా పద్ధతి వున్నది. కట్టరును తిరగకుండా ఆపి, దానికిందుగా నోటుపుస్తకం కాగితం ముక్కను అటూ ఇటూ జరుపుతూ, కట్టరును కొద్దికొద్దిగా దించుతారు. కాగితం పట్టుకున్నట్టు తగలగానే ఆపుతారు. కాగితం మందం మిల్లీమీటరులో పదోవంతు వుంటుంది గనక దాన్ని లెక్కలో తీసేస్తారు. వైసులో ముక్క కింద ఒక చిన్న ఇనప రజను చిక్కుకుంటే మాత్రం ఇంత జాగ్రత్తా వృథా. ముక్క వంకరగా కూర్చుంటుంది. ఒక గుడ్డతో తుడిస్తే తప్పిపోయే నష్టం అది.

దిమ్మె ప్రతివేపూ 5 మిల్లీమీటర్లు చిన్నదిగా వచ్చిందా? అప్పుడు కట్టరు మందం అడగండి. 10 అని చెబుతారు. కట్టరు నడుము సరిగ్గా గీత మీద నడిచింది, దాని సగం మందం లోపలికి కోసేసింది. గీతకు సగం మందం ఎడంగా నడవమని ప్రోగ్రాంలో ముందే చెప్పి వుండవలసింది.

అన్నిటికన్నా చెడ్డది వణుకు. కట్టరు కీచుమని అరుస్తుంది, కోసినచోట అలలు అలలుగా గీతలు పడతాయి. మీ స్కేలును బల్ల అంచున కాస్త బయటికి పెట్టి మీటండి, తరవాత ఇంకా బయటికి జరిపి మీటండి. ఎంత తేడా! పట్టునుంచి కట్టరు బయటికి వున్న పొడుగు రెట్టింపైతే, అదే బలానికి అది వంగటం 8 రెట్లవుతుంది. కాబట్టి కట్టరును వీలైనంత పొట్టిగా పట్టించాలి. అప్పటికీ అరుపు తగ్గకపోతే తిరిగే వేగం మార్చాలి, లేదా ఒకేసారి లోతుగా కోయటం మానాలి.

కొత్తవాళ్ళు ఏ గొడవ వచ్చినా ముక్క జరిగే వేగం బాగా తగ్గించేస్తారు. నా ఉద్దేశంలో ఇంతకన్నా మొండి పొరపాటు లేదు. లెక్క చూడండి: కట్టరుకు 4 పళ్ళు, ఒక్కొక్క పన్ను 0.05 మిల్లీమీటరు కోయాలి, నిమిషానికి 2000 చుట్లు. మూడింటినీ గుణిస్తే నిమిషానికి 400 మిల్లీమీటర్లు జరగాలి. 40కి తగ్గించారనుకోండి; పన్నుకు కోయటానికి ఏమీ దొరకదు, ఉక్కును రాసుకుంటూ పోతుంది, వేడెక్కి మొండిదైపోతుంది. మొండి కత్తితో కూరగాయలు తరిగినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

అంతా సవ్యంగా జరిగినా దిమ్మెను వెంటనే వైసులోంచి తియ్యరాదు. అక్కడే, బిగించి వుండగానే కొలవాలి. ఒక వెంట్రుకవాసి ఎక్కువ వుంటే ఇంకొకసారి కోయవచ్చు. విప్పి తీశాక మళ్ళీ బిగిస్తే అది సరిగ్గా మునుపటి చోటునే కూర్చోదు. మిల్లువాళ్ళు గుమ్మంలో నిలబడి తొందరపెడుతున్నా సరే, కొలత సరిపోయిందాకా పనివాడు వైసు విప్పడు.