చిల్లుకుండలో మిగిలిన మోనాలిసా

కరెంటు తీసేస్తే ర్యామ్‌లో ఉన్నదంతా ఆ క్షణమే మాయమవుతుందని చాలామంది అనుకుంటారు. మాయం కాదు, కారిపోతుంది. కారడానికి కాస్త సమయం పడుతుంది.

ఒక బిట్‌ను దాచడానికి ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్ చాలన్న ఆలోచన 1966లో ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్‌కు వచ్చింది. రెండేళ్లకు పేటెంటు దక్కింది. మన ల్యాప్‌టాప్‌లలో ఉన్నది ఆ ఆలోచనతో పుట్టిన డీర్యామ్ రకం ర్యామే. అయితే ఆ కెపాసిటర్ ఒక చిల్లుకుండ. పోసిన ఛార్జి నిలవదు. అందుకే సాధారణంగా 64 మిల్లీసెకన్లకోసారి ప్రతి కుండనూ చూసి, ఉన్నదాన్ని మళ్లీ నింపుతారు. ఆ గడువు అన్నిటికంటే పెద్ద చిల్లున్న కుండ కోసం పెట్టింది. మిగతావి చాలావరకు సెకన్లపాటు ఓర్చుకుంటాయి. చలికి కారడం ఇంకా మందగిస్తుంది. 1978 నాటి ఒక ప్రయోగంలో ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచిన చిప్పు, మళ్లీ నింపకపోయినా, వారమంతా ఏమీ పోగొట్టుకోలేదు.

2008లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో అలెక్స్ హాల్డర్‌మన్, ఎడ్వర్డ్ ఫెల్టన్ బృందం మెమరీలోకి మోనాలిసా బొమ్మ ఎక్కించి కరెంటు తీసేసింది. 5 సెకన్ల తర్వాత చూస్తే బొమ్మ చెక్కుచెదరలేదు. 30 సెకన్లకు మసకబారింది, నిమిషానికి ఇంకా చెదిరింది. 5 నిమిషాలకు అడ్డచారలే మిగిలాయి. ఖాళీ కుండను చిప్పులో ఒక భాగం 0 అంటుంది, మరో భాగం 1 అంటుంది. ఆ చారలు అందుకే.

తర్వాత దుమ్ము ఊదే స్ప్రే డబ్బాను తలకిందులు చేసి చిప్పుల మీద కొట్టారు. చిప్పులు మైనస్ 50 డిగ్రీలకు చల్లబడ్డాయి. పది నిమిషాలు కరెంటు లేకున్నా చెడిన బిట్లు సాధారణంగా ఒక శాతం లోపే. ఆ చిప్పులను పీకి వేరే కంప్యూటర్‌లో పెట్టి చదివేయొచ్చు.

భయపెట్టేది ఇక్కడే. హార్డ్‌డిస్కుకు ఎంత గట్టి తాళం వేసినా, వాడుతున్నంతసేపూ తాళంచెవి ర్యామ్‌లోనే ఉంటుంది. కొన్ని బిట్లు చెడినా ఫర్వాలేదు. ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో అసలు తాళంచెవితోపాటు దాని నుంచి పుట్టిన పిల్ల తాళంచెవులూ మెమరీలో ఉంటాయి. చెడిన బిట్లు ఎటు మారతాయో కూడా తెలుసు గనుక, ఒకదాన్ని చూసి మరొకదాన్ని సరిదిద్దుతారు. బిట్‌లాకర్, ఫైల్‌వాల్ట్, ట్రూక్రిప్ట్ అనే డిస్కు తాళాలు మూడూ అలా తెరుచుకున్నాయి.

మూత వేసి స్లీప్‌లో వదిలిన ల్యాప్‌టాప్‌లోనైతే కారడమే మొదలవదు. అక్కడ కుండలను నింపుతూనే ఉంటారు.